పిల్లల కథలో చావు కొట్టేయమంటున్న పెద్దలకు

తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్న ప్రచురణకర్తలకు, సంపాదకులకు,

నమస్కారం.

మీలో ఒకరికి ఆమధ్య నేనొక ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో పిల్లల కోసం వచ్చిన ఒక నవలని తెలుగులోకి తెమ్మని అడిగాను. జవాబు మర్యాదగానే వచ్చింది. "కథ బాగుందమ్మా. కానీ యుద్ధం, చావు ఉన్నాయి. పిల్లలకి బరువైపోతుంది. అవి తీసేసి రాసుకునే వీలుంటే చూద్దాం" అన్నారు. పేరు చెప్పను. ఆ ఒక్కరి మాటే అయితే ఊరుకునేదాన్ని. పుస్తకాల షాపులో పిల్లల అరల ముందు పది నిమిషాలు నిలబడితే మీ అందరి మాటా అదేనని తెలిసిపోతోంది. అందుకని అందరికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను.

నేనడిగింది కేట్ సాండర్స్ రాసిన 'ఫైవ్ చిల్డ్రన్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్'. 2014లో వచ్చింది. ఆ ఏడు కోస్టా బాలసాహిత్య బహుమతి దానికే ఇచ్చారు. అది సొంతంగా పుట్టిన కథ కాదు, సీక్వెల్. మూలకథ ఈ. నెస్బిట్ 1902లో రాసిన 'ఫైవ్ చిల్డ్రన్ అండ్ ఇట్'. అంటే వందేళ్లు దాటాక, ఇంకొకరు అందుకుని రాసిన కొనసాగింపు. ఇలాంటివి నూటికి తొంభై చదవలేం. ఇది ఆ తొంభైలోది కాదు.

పాత కథ మీరు చదివే ఉంటారు. చదివి చాలాకాలమై ఉంటుంది కాబట్టి కాస్త గుర్తు చేస్తాను. సిరిల్, ఆంథియా, రాబర్ట్, జేన్ అని నలుగురు తోబుట్టువులు. చంకలో ఇంకా మాటలు సరిగ్గా రాని తమ్ముడు, వాణ్ణి అందరూ ల్యాంబ్ అని ముద్దుగా పిలుస్తారు. లండన్ నుంచి కెంట్‌లో ఒక పల్లెటూరి ఇంటికి వస్తారు. వచ్చీ రాగానే నాన్నకి పని పడుతుంది, అమ్మ ఒంట్లో బాగోలేని అమ్మమ్మ దగ్గరికి వెళ్తుంది. పెద్దవాళ్లు లేని ఇల్లు, ఇంటి పక్కన గ్రావెల్ తవ్విన పెద్ద గొయ్యి. ఇంకేం కావాలి! ఒకప్పుడు అక్కడిదాకా సముద్రం ఉండేదని నాన్న చెప్పిన మాట పట్టుకుని, అక్కడ ఆటలు మొదలుపెట్టి, ఆస్ట్రేలియా తేలేదాకా తవ్వేద్దామనుకుంటారు. ఆస్ట్రేలియా తేలదు. నత్తకి మల్లే పొడుగాటి కొమ్ముల చివర కళ్లు, గబ్బిలం చెవులు, సాలీడు పొట్ట, ఒళ్లంతా మెత్తటి బొచ్చు, కోతి కాళ్లూ చేతులూ ఉన్న ఒక జీవి బయటికొస్తుంది. పేరు సామియడ్. వేల ఏళ్లుగా ఇసుకలో నిద్రపోతోంది.

రోజుకో కోరిక తీరుస్తుంది. పొద్దు గూకితే ఆ కోరిక మాయం. మహా ముక్కోపి, సొంత డబ్బా కొట్టుకోవడంలో దిట్ట, నీళ్లంటే హడలు. పూర్వం తన జాతివాళ్లంతా సముద్రపు ఒడ్డునే ఉండేవాళ్లని, పిల్లలు వాళ్ల కోసం ఇసుక కోటలు కట్టి చుట్టూ కందకంలో నీళ్లు పోసేవాళ్లని, ఆ తడి తగిలి ఒక్కొక్కరే పోయారని చెబుతుంది. చూశారా, 1902 నాటి ఈ హాస్యకథలోనే చావు ఉంది. పిల్లలు ప్రేమగా కట్టిన కోటే ప్రాణం తీసింది. ఎవరూ కొట్టేయలేదు, నూట ఇరవై ఏళ్లుగా పిల్లలు చదువుతూనే ఉన్నారు.

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు మేడ మీద ఆదివారం సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చదువుతుంటాను. చేతిలో ఇంగ్లీషు పుస్తకం, నోట్లో తెలుగు. మూడో అంతస్తు మామ్మగారు కూడా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చుంటారు. పిల్లలు బంగారం కోరుకునే అధ్యాయం ఒకటుంది. గొయ్యి నిండా బంగారు నాణేలు వచ్చి పడతాయి. జేబుల్లో నింపుకుని, మోయలేక మోసుకుని ఊళ్లోకి వెళ్తే ఒక్క కొట్టువాడూ తీసుకోడు. అవి చెల్లిపోయిన పాతకాలపు నాణేలు. పైగా దొంగలనుకుని పోలీసులదాకా పోతుంది వ్యవహారం. అక్కడ మామ్మగారు అందుకున్నారు: "నాకూ అంతేనర్రా. బియ్యం డబ్బాలో దాచుకున్న ఐదొందల నోట్లు గడువైపోయాక బయటపడ్డాయి." కథ ఆగిపోయింది. 2016 నవంబర్ 8 గురించి ఆ పిల్లలకి ఆవిడే చెప్పారు, నేను వింటూ కూర్చున్నాను.

రెక్కలు కోరుకున్న రోజు ఇంకా బాగుంటుంది. ఎగిరి ఎగిరి చర్చి గోపురం మీద నిద్రపోతారు. లేచేసరికి పొద్దు గూకింది, రెక్కలు లేవు, మెట్ల తలుపుకి తాళం. నెస్బిట్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. మంత్రం పనిచేస్తుంది, కానీ ఆకలికీ చీకటికీ పెద్దవాళ్ల తిట్లకీ మినహాయింపు ఇవ్వదు.

ఇక సీక్వెల్. కేట్ సాండర్స్ చేసింది చిన్న కూడిక. 1902 నాటి పిల్లల వయసుకి పన్నెండేళ్లు కలిపారు. 1914 వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. పెద్ద మగపిల్లలిద్దరికీ సైన్యంలో చేరే ఈడు వచ్చింది. నెస్బిట్ రాసేటప్పుడు ఆ సంగతి ఆవిడకి తెలియదు, తెలిసే వీలు లేదు. వందేళ్ల తర్వాత చదివే మనకి మాత్రం తెలుసు. ఆ తెలిసినదాన్ని తెలియనట్టు నటించకుండా రాయడమే ఈ పుస్తకం.

మొదటి అధ్యాయానికి ముందు కొన్ని పేజీలున్నాయి. 1905లో పిల్లలు సామియడ్ మంత్రంతో సరదాగా భవిష్యత్తులోకి వెళ్తారు, 1930లోకి. అక్కడ తమకి బాగా తెలిసిన ప్రొఫెసర్ గారు ముసలివాడై కనిపిస్తాడు. వీళ్లని చూసి సంబరపడతాడు, ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పిల్లలకి అర్థం కాదు. కాసేపు కబుర్లు చెప్పుకుని తిరిగి ఇంటికొచ్చేస్తారు. వచ్చాక ఆంథియా అంటుంది: ఆయన గదిలో ఫొటోలు చూశాను, అందులో పెద్దయిన ఆడవాళ్లు ఉన్నారు, అచ్చం మన అమ్మలాగే ఉన్నారు, మన అబ్బాయిల్లా ఉండే పెద్ద మగవాళ్ల ఫొటో మాత్రం ఒక్కటీ కనపడలేదు, ఎందుకో మరి.

అంతే. యుద్ధం అన్న మాట అక్కడ లేదు. చావు అన్న మాటా లేదు. నేను పేజీ తిప్పబోతుంటే మా మేడ మీద తొమ్మిదేళ్ల పిల్లాడు, "ఫారిన్ వెళ్లిపోయుంటారు ఆంటీ" అన్నాడు. వాడికి తెలిసిన లోకంలో ఫొటోలో లేని మగపిల్లలంటే అమెరికాలో ఉన్న పిల్లలే. పక్కనున్న పెద్దపిల్ల వాడి నెత్తిమీద ఒకటి మొట్టి, "ఫారినేటి? ముప్పయ్యో సంవత్సరం అన్నారు కదా ఆంటీ, మధ్యలో యుద్ధం లేదేటి?" అంది. తొమ్మిదో తరగతి పిల్ల, చరిత్ర పాఠంలో చదివిందే. పరీక్షలో రెండు మార్కులకి రాసిన సంవత్సరం ఆరోజు దానికి మొదటిసారి మనుషులతో కలిసి కనపడింది. సాంఘికశాస్త్రం పుస్తకాలు కూడా మీలో కొందరు వేస్తారు, అందుకని చెబుతున్నాను.

ఆ తర్వాత అసలు కథ 1914 అక్టోబర్‌లో మొదలవుతుంది. సిరిల్ సైనికుడి దుస్తుల్లో ప్రయాణానికి సిద్ధంగా ఉంటాడు. ల్యాంబ్‌కి ఇప్పుడు పదకొండేళ్లు. వాడి తర్వాత ఈడీ అని ఇంకో చెల్లి పుట్టింది, దానికి తొమ్మిది. అన్నయ్యలు, అక్కలు చెప్పే ఇసుక జీవి కథలు వింటూ, ఆ సరదా తమకి దక్కలేదని ఏడుస్తూ పెరిగిన పిల్లలు వీళ్లిద్దరూ. (ఇంట్లో చిన్నవాళ్లెవరైనా ఈ బాధ ఇట్టే పోల్చుకుంటారు.) అదే గొయ్యిలో సామియడ్ మళ్లీ దొరుకుతుంది. ఈసారి దాని శక్తి దాదాపు పోయింది. కోరుకున్నది కోరుకున్నట్టు ఇచ్చే స్థితిలో లేదు.

అది ఎందుకు తిరిగొచ్చిందన్నది ఈ నవలలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. ఒకప్పుడు అది ఎడారిలో దేవుడిగా పూజలందుకుంది. ఆ రోజుల్లో తన కింది జనాన్ని నానా హింసలూ పెట్టింది. చేసినదానికి మనస్ఫూర్తిగా పశ్చాత్తాపపడితే తప్ప దానికి విడుదల లేదు. అది పడదు. "అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్లు" అంటుంది. గొప్పలు చెప్పుకుంటుంది, అలుగుతుంది, ఈడీ ఒళ్లో కూర్చుని సేవలు చేయించుకుంటుంది. మా పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే వాళ్లకి ఒక సంగతి ఎక్కింది: రాజులూ దేవుళ్లూ సరదాకి ఆడిన ఆటలో చచ్చిపోయింది వేరే ఎవరో. పాత కథలో పిల్లలు ఆ జీవిని వరాలు అడిగారు, కొత్త కథలో లెక్కలు అడుగుతున్నారు. సీక్వెల్ అంటే అలా ఒక మెట్టు ఎక్కాలి. అదే రాక్షసుణ్ణి ఇంకాస్త పెద్ద గ్రాఫిక్స్‌లో మళ్లీ లేపడం సినిమావాళ్ల అవసరం, వాళ్లకి టికెట్లు తెగాలి. మీకేం అవసరం?

ఆ ఇంటికి యుద్ధం నుంచి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఇక్కడ చెప్పను. చదవబోయేవాళ్లుంటారు. అందరూ రాలేదని మాత్రం మీ సంపాదకుడికి కోపం వచ్చేంత స్పష్టంగా రాసిందావిడ.

పిల్లలకి బరువు అంటారా? ఒకసారి మా ఊరు రండి, బీచ్ రోడ్డు చూపిస్తాను. ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్‌ని ఒడ్డుకి లాగి 2002 నుంచి మ్యూజియంగా ఉంచారు. ఉత్తరాంధ్రలో ఏ బడి విహారయాత్రకి వచ్చినా పిల్లలు వరసగా అందులో దూరి వస్తారు. కాస్త ముందుకెళ్తే 1971 యుద్ధం స్మారకం. ఆ డిసెంబర్‌లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయిందని, లోపలున్నవాళ్లలో ఒక్కరూ బతకలేదని పిల్లలకి గర్వంగా చెబుతాం. చెప్పి ఐస్‌క్రీం కొనిపెడతాం. అంతమంది జలసమాధి పిల్లలకి బరువని మనలో ఎవరికైనా తోచిందా? శత్రువు చావు విహారయాత్ర, కథలో అన్నయ్య చావు మాత్రం సెన్సారు. ఇదెక్కడి న్యాయం!

మా మేడ మీదికి వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి నాన్న నేవీలో పనిచేస్తారు. ఆయన ఓడ ఎక్కితే ఎప్పుడొస్తారో, ఎక్కడున్నారో ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు. చదవడం మొదలుపెట్టేముందు ఆ పిల్ల గురించే నేను కాస్త జంకాను. వాళ్లమ్మని అడిగాను కూడా. "చదవండి అక్కా, తనకి తెలియనిదేం ఉంది ఇందులో" అంది. ఫ్రాన్స్ నుంచి సిరిల్ ఉత్తరాలు వచ్చే ఘట్టాల దగ్గర మిగతా పిల్లలంతా తుపాకుల గురించి అడుగుతుంటే, ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఉత్తరంలో ఏ ఊళ్లో ఉన్నాడో రాయనిచ్చేవాళ్లా?" రాయనిచ్చేవాళ్లు కాదమ్మా, పై అధికారి చదివి కొట్టేసేవాడు అని చెప్పాను. తల ఊపింది. ఇన్నాళ్లకి తన ఇంటి సంగతి ఒక పుస్తకంలో దొరికింది ఆ పిల్లకి. మీరు బరువన్నది అదే.

ఫిషింగ్ హార్బర్ వైపు పిల్లల్ని అడిగినా ఇలాంటి జవాబే వస్తుంది. వాయుగుండం అన్నప్పుడు వేటకెళ్లిన బోటు కోసం ఒడ్డున నిలబడడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు ఈ ఊళ్లో పసిపిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు మీ పుస్తకాలు దాటి వెళ్లిపోయే ఈడుకి వచ్చేశారు. కిటికీ అద్దాలు పగిలిన ఆ రోజు గురించి వాళ్లకి మీరొక్క కథ ఇచ్చారా?

మన పెద్దవాళ్లయితే ఇంత నాజూకు పడలేదు. పద్మవ్యూహంలోకి వెళ్లిన అభిమన్యుణ్ణి ఏ అమ్మమ్మా బయటికి లాక్కురాలేదు. పలనాటి బాలచంద్రుడి కథ రాత్రంతా పాడితే పసిపిల్లలు తల్లుల ఒళ్లో కూర్చుని విన్నారు. చందమామ సీరియళ్లలో ఎన్ని తలలు తెగలేదు! మరి ఈ భయం ఎప్పుడు పట్టుకుంది మనకి? నాకు తోచింది చెబుతాను, తప్పనుకుంటే జవాబు రాయండి. పుస్తకం కొనేది పిల్లలు కాదు, బడులూ తల్లిదండ్రులూ. వాళ్లకి కావలసింది ఫిర్యాదు రాని పుస్తకం. కథ చివర నీతి అని ఒక రంగుపెట్టె గీసి పెడుతున్నది కూడా అందుకే. ఆ పెట్టె మా పిల్లలు చదవరు. చదవరని మీకూ తెలుసు.

నేనడిగేది మూడు ముక్కల్లో చెప్పేస్తాను.

నెస్బిట్ పాత నవలని పూర్తిగా, ఒక్క అధ్యాయం తగ్గించకుండా తెలుగులో వేయండి. ఆవిడ 1924లో పోయారు. మన చట్టంలో రచయిత పోయిన 60 ఏళ్లకి హక్కులు తీరిపోతాయి. ఎవర్నీ అడగక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. 1902 నాటి దొరల పిల్లల కళ్లతో రాసిన చోట్లు కొన్ని ఉన్నాయి, జిప్సీల గురించి, రెడ్ ఇండియన్ల గురించి. వాటినీ కత్తిరించకండి, ముందుమాటలో ఒక పేరా రాయండి చాలు. మా పిల్లలే పట్టుకుని అడిగారు.

సాండర్స్ నవల హక్కులు మాత్రం కొనాలి. లండన్‌లో ఫేబర్ వాళ్లు వేశారు. సాండర్స్ 2023లో పోయారు. ఇక్కడ మీకొక ముచ్చట చెప్పాలి. పీటర్ పాన్ రాసిన బారీ 1929లో దాని హక్కులన్నీ లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చేశాడు. ఆ ఆసుపత్రే పూనుకుని దానికి అధికారికంగా సీక్వెల్ రాయించింది, 2006లో వచ్చింది. ఒక కథ మీద వచ్చే డబ్బు జబ్బుపడ్డ పిల్లలకి వెళ్తోందన్నమాట. హక్కులు తీరిపోయిన నెస్బిట్‌ని వేసి, మిగిలిన దాంట్లో కొంత మన కేజీహెచ్ ఆసుపత్రి పిల్లల వార్డుకి పుస్తకాలుగా ఇచ్చినా మీ పేరు నిలుస్తుంది. ఇది షరతు కాదు, ఆశ.

మూడోది ఆశ కన్నా కాస్త గట్టిది. మనవాళ్ల చేత రాయించండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా. సినిమాల్లో పాటలకి తప్ప ఎవరికీ గుర్తురావు. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తిపోస్తే వేల ఏళ్లలో పేరుకున్న దిబ్బలవి, ఇనుము తుప్పుపట్టి ఆ ఎరుపు వచ్చింది. జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. ఒకప్పుడు సముద్రం ఉన్నచోటు, ఇప్పుడు ఇసుక మిగిలినచోటు. నెస్బిట్ గొయ్యికి ఇంతకన్నా దగ్గరి చుట్టం ప్రపంచంలో ఎక్కడుంది? మా పిల్లల్ని తీసుకెళ్తే గెడ్డల్లోకి దిగి కొమ్ముల కళ్ల కోసం వెతికారు. తవ్వొద్దని ముందే ఒట్టు వేయించాను. ఒకడు గోడలా నిలబడ్డ మట్టికి చెవి ఆనించి, "గురక వినపడతంది" అన్నాడు.

ఆ దిబ్బల్లో ఒక జీవి నిద్రపోతోందనుకోండి. 1942 అనుకోండి. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. దొరికిన బళ్లెక్కి జనం పల్లెలకి పారిపోయారు. ఆంధ్రా యూనివర్సిటీనే గుంటూరుకి తరలించారు. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబొకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, ఆదివారం వెళ్తే పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతూ కనపడతారు. ఖాళీ అయిపోతున్న ఊరు, చివరి బండి తప్పిపోయిన నలుగురు పిల్లలు, రోజుకో కోరిక, అదీ పొద్దు గూకేదాకానే. రాత్రి వచ్చే విమానాలకి ఆ వరం ఏం పనికొస్తుంది? ఈ చిక్కుముడి చాలు ఒక మంచి రచయితకి. ఇంకా వెనక్కి వెళ్తానంటే 1914 ఉండనే ఉంది. సిరిల్ వెళ్లిన ఆ ఫ్రాన్స్ కందకాల్లోనే మన దేశపు సిపాయిలు చలికి వణుకుతూ కూర్చున్నారు. ఆ యుద్ధానికి పది లక్షల పైచిలుకు మందిని ఇక్కడినుంచి సముద్రాలు దాటించారు. ఇంటికో సిపాయిని పంపిన మాధవరం పశ్చిమ గోదావరిలో ఉంది, మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఇళ్లలోనూ ఈడీలు ఉండి ఉంటారు. వాళ్ల కథ రాయడానికి లండన్ నుంచి ఎవరూ రారు.

బొమ్మల గురించి ఒక్క మాట. దయచేసి కంప్యూటర్ చేత గీయించకండి. నెస్బిట్ పుస్తకానికి మిల్లర్ గీసిన గీతల బొమ్మలు చూసి నేర్చుకోండి, లేదా మన చిత్రా, శంకర్‌ల పాత చందమామలు తీయండి. అక్షరాలు కాస్త పెద్దవిగా వేయండి, మామ్మగారు కూడా చదువుతారు.

నెస్బిట్ మొదటి రెండు అధ్యాయాల తెలుగు నా దగ్గర సిద్ధంగా ఉంది. మేడ మీద చదివి, పిల్లలు నవ్వనిచోట మార్చి, మళ్లీ రాసినది. అడిగినవాళ్లకి పంపుతాను, డబ్బులు అక్కర్లేదు. కావలసినన్ని తప్పులు దిద్దుకోండి. ఎవరైనా పోయినచోట మాత్రం వాళ్లని బతికించకండి. వేయాలనుకుంటే మార్చిలోపు చెప్పండి. ఏప్రిల్ దాటితే పిల్లలు సెలవులకి ఊళ్లు వెళ్లిపోతారు, ప్రూఫులు చూసేవాళ్లుండరు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు